కల్చర్‌లో ఏమీ రాలేదు, నొప్పి మాత్రం ఉంది

విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక ఆదివారం ఉదయం, ఏళ్ల తరబడి పొత్తికడుపు నొప్పితో, మూత్రం మంటతో బాధపడుతున్నవాళ్లు కలుసుకున్నప్పుడు ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అనే మూత్రాశయపు జబ్బు గురించి ఒక లెక్కల టీచర్ మాట్లాడిన మాటలకు ఇది అక్షరరూపం.

అందరికీ నమస్కారం. ముందుగా ఒక మాట. బాత్రూం ఈ హాలుకి ఎడమవైపు, మెట్ల పక్కనే ఉంది. తాళం తీయించాను, నీళ్లు వస్తున్నాయో లేదో కూడా చూసి వచ్చాను. నేను మాట్లాడుతుండగా ఎన్నిసార్లయినా లేచి వెళ్లండి. ఇక్కడికొచ్చినవాళ్లలో చాలామంది కుర్చీ కంటే ముందు బాత్రూం ఎటుందో చూసుకుని ఉంటారు. పన్నెండేళ్లుగా నేనూ అంతే.

నేను డాక్టర్ని కాను. గాజువాక వైపు ఒక స్కూల్లో లెక్కలు చెప్తాను. ఈ జబ్బు గురించి చదివింది, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది, నా ఒంటి మీద చూసుకున్నది, ఈ మూడే నా దగ్గరున్నాయి. మందు ఏది వేసుకోవాలో నేను చెప్పను. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో, ఏం చూపించాలో మాత్రం చెప్పగలను.

నాకు 2013లో వర్షాకాలంలో మొదలైంది. ముందు మంట, ఆ తర్వాత ఆపుకోలేనంత అర్జెంటు. ఇంట్లో అందరూ అన్న మాట ఒకటే, వేడి చేసింది. బార్లీ నీళ్లు తాగాను. సబ్జా గింజలు నానబెట్టుకున్నాను. మా అత్తగారు రోజూ పొద్దున్నే కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చేవారు. ఆవిడ ప్రేమకి లోటు లేదు. కానీ మన భాషలో ఈ బాధకి "వేడి" అన్న ఒక్క మాటే ఉండటం వల్ల, నేను వేడి తగ్గించుకునే పనిలోనే ఆరు నెలలు గడిపేశాను.

తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇన్ఫెక్షన్ అన్నారు, ఐదు రోజులు యాంటీబయాటిక్ రాశారు. కాస్త తగ్గినట్టే ఉండి మళ్లీ వచ్చింది. ఇంకో డాక్టర్, ఇంకో యాంటీబయాటిక్. చీటీలన్నీ దాచుకునే అలవాటు నాకుంది. ఒకరోజు వాటిని మంచం మీద పరుచుకుని లెక్కపెట్టాను. రెండేళ్లలో పదకొండు కోర్సులు. అందులో మందుకు ముందు యూరిన్ కల్చర్, అంటే మూత్రంలో క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్ష, చేయించింది నాలుగుసార్లు. ఆ నాలుగుసార్లూ క్రిమి ఏదీ పెరగలేదనే రిపోర్టు వచ్చింది. లేని క్రిమికి పదకొండుసార్లు మందు మింగాను. ఆ రాత్రి నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. అయితే ఆ కోపమే నన్ను దారిలో పెట్టింది. మీరు ఈ రోజు ఒక్కటే గుర్తుపెట్టుకుని వెళ్తానంటే, ఇది పెట్టుకోండి: మంట రేగిన ప్రతిసారీ ముందు కల్చర్‌కి శాంపిల్ ఇవ్వండి, ఆ తర్వాతే యాంటీబయాటిక్ మాట. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు గట్టెక్కడానికి ఏం చేయాలో డాక్టర్నే అడగండి. జ్వరం, చలి వణుకు ఉంటే, గర్భిణి అయితే, ఆగకూడదు, అదే రోజు చూపించుకోవాలి.

ఈ జబ్బుకి పేరు ఉంది. ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అంటారు, బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అని కూడా అంటారు. మూత్రాశయానికి సంబంధించినదిగా అనిపించే నొప్పి, ఒత్తిడి, ఇబ్బంది ఆరు వారాలు దాటి ఉండి, మాటిమాటికీ వెళ్లాల్సి వస్తూ, ఇన్ఫెక్షన్‌గానీ దానికి కారణమయ్యే ఇంకే జబ్బుగానీ కనబడకపోతే ఈ పేరు పెడతారు. చాలామందిలో ఒక గుర్తు ఉంటుంది: మూత్రపు సంచి నిండే కొద్దీ నొప్పి పెరుగుతుంది, ఖాళీ చేస్తే కాసేపు ఊరట. మామూలు మనిషి పగటిపూట ఏడెనిమిది సార్లు వెళ్తే, నేను ఇరవై రెండు సార్లు వెళ్లిన రోజులున్నాయి. ఊరట కోసం వెళ్లడమే గానీ, నిండి కాదు.

ఎందుకు వస్తుందంటే ఒక్క జవాబు లేదు. మూత్రాశయం లోపలి గోడకి జిగురులాంటి పల్చటి పూత ఉంటుంది, అది దెబ్బతింటే మూత్రంలోని పదార్థాలు గోడలోకి దిగి నరాల్ని రేపుతాయన్నది ఒక ఆలోచన. కొంతమందిలో లోపల పుండ్లు కనిపిస్తాయి. ఇంకొంతమందిలో సంచి బాగానే ఉండి, కింద కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి. ఏళ్ల తరబడి నొప్పి తగిలిన నరాలు చిన్న కదలికకి కూడా పెద్దగా అరవడం నేర్చుకుంటాయి. అందుకే మనలో చాలామందికి పేగుల బాధ, మైగ్రేన్, ఒళ్లునొప్పులు కూడా తోడుంటాయి.

ఈ పేరు కొత్తది కాదు. 1887లో అలెగ్జాండర్ స్కీన్ అనే డాక్టర్ తన పుస్తకంలో వాడారు. 1915లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌కి చెందిన గై హన్నర్ ఆడవాళ్ల మూత్రాశయంలో ఒక రకం పుండ్ల గురించి రాశారు. వాటిని ఇప్పటికీ హన్నర్ లీజన్లు అంటారు. ఆ తర్వాత చాలాకాలం ఏం జరిగిందంటే, పుండు కనబడితేనే జబ్బు, లేకపోతే మనసు బాగాలేని ఆడవాళ్ల మాట అన్నట్టు చూశారు. నిజానికి పుండ్లు కనబడేది మనలో కొద్దిమందికే. 1984లో విక్కీ రాట్నర్ అనే ఆవిడ, తను కూడా ఇదే జబ్బుతో బాధపడుతూ, అమెరికాలో రోగుల కోసం ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అసోసియేషన్ మొదలుపెట్టారు. ఆవిడ ఎముకల డాక్టర్. డాక్టర్ చదువు చదివినావిడకే తన నొప్పి నిజమని నమ్మించడానికి అంత కష్టపడాల్సి వచ్చింది. ఇది చదివిన రోజు నాకు కాస్త ధైర్యం వచ్చింది. "రిపోర్టులన్నీ నార్మల్, టెన్షన్ తగ్గించుకోమ్మా" అని నాకు చెప్పి పంపించిన మాట అప్పటికి ఇంకా చెవిలోనే ఉంది.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ పేరు మనంతట మనం పెట్టుకోకూడదు. యూరిన్‌లో చీము కణాలు ఉంటాయి, మామూలు కల్చర్‌లో ఏమీ పెరగదు, అలా పదే పదే వస్తోందంటే మన దేశంలో తప్పక అనుమానించాల్సింది క్షయ. మూత్రాశయానికి కూడా టీబీ వస్తుంది. దానికి వేరే పరీక్షలున్నాయి, వేరే మందులున్నాయి, తగ్గుతుంది. యూరిన్‌లో రక్తం పడితే, ఒక్కసారైనా సరే, నొప్పి లేకపోయినా సరే, చూపించుకోవాలి. పొగతాగే అలవాటు ఉన్న మగవాళ్లు మరీ ముఖ్యంగా. మూత్రనాళం చివర ఇరుక్కున్న రాయి కూడా అచ్చం ఇలాగే బాధపెడుతుంది. నెలసరితో పాటు పెరిగే నొప్పి అయితే ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం, ఉందేమో గైనకాలజిస్టు చూడాలి. ఇవన్నీ చూశాకే ఈ పేరు. మన కేజీహెచ్‌లో, అదే కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రిలో, యూరాలజీ అనే మూత్రవ్యాధుల విభాగం ఉంది, ప్రైవేటుకి పెట్టుకోలేనివాళ్లు అక్కడికి వెళ్లండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడినదాని గురించి చెప్తాను. ఇదిగో, ఈ మగ్గు. అర లీటరు ప్లాస్టిక్ మగ్గు, పక్కన మిల్లీలీటర్ల గీతలున్నాయి. ఈ లాంగ్ నోట్‌బుక్ నా పిల్లల పరీక్ష పేపర్లలాగే గీతలు కొట్టుకున్నది. ఐదు గడులు: టైము, ఎంత తాగాను, ఎంత వచ్చింది, నొప్పి పదికి ఎంత, ఏం తిన్నాను, ఏం చేశాను. చివరి రెండూ ఒకే గడిలో రాస్తాను. బాత్రూంలో మగ్గు పట్టుకుని కొలవడం మొదటి రోజు చాలా చిన్నతనంగా అనిపించింది. అందరూ పడుకున్నాక మగ్గుని వేడినీళ్లతో కడిగి బకెట్ వెనక దాచేదాన్ని. మూడు రోజులు కొలిచాను. 70, 90, 60, 110, 80. రాత్రి ఒంటిగంటకి 85. మూడుంబావుకి 65. తెల్లారుజామున 120, నొప్పి పదికి ఎనిమిది.

మామూలుగా పెద్దవాళ్ల సంచిలో 300 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. ఆ కాగితాన్ని యూరాలజిస్టు ముందు పెట్టాను. ఆయన దాన్ని రెండు నిమిషాలు చూశారు. రెండేళ్లలో నా మాట అంతసేపు ఎవరూ వినలేదు. "మాటిమాటికీ వెళ్తున్నానండీ" అంటే అందరికీ ఒకటే మాట. "రోజుకి ఇరవై రెండు సార్లు, సగటున 83 మిల్లీలీటర్లు, పగలు కంటే రాత్రి నొప్పి ఎక్కువ" అంటే అది వైద్యం చేయగలిగిన మాట. నేను మీ అందరినీ కోరేది ఇదే. బాధని అంకెల్లో పెట్టండి. మీ సిగ్గు ఆ మగ్గు దగ్గరే వదిలేయండి, అమ్మా.

ఆ డైరీ చేసిన ఇంకో మేలు, తిండి సంగతి తేలింది. ఇంటర్నెట్‌లో దొరికే లిస్టులు చూస్తే భయమేస్తుంది. కాఫీ, టీ, టమాటా, నిమ్మ, నారింజ, మిరపకాయ, కూల్ డ్రింకులు, మద్యం, అన్నీ వద్దంటారు. మన ఇళ్లలో వాటికి చింతపండు, గోంగూర, ఆవకాయ కలిపితే ఇంకేం మిగులుతుంది? ఇవన్నీ అందరికీ పడవని కాదు. మూడు వారాలు చప్పటి తిండి తిన్నాను. ముద్దపప్పు, బీరకాయ కూర, సొరకాయ పాలు పోసి, పెసరకట్టు, పులవని పెరుగు, ఇడ్లీలోకి కొబ్బరి చట్నీ. నొప్పి ఎనిమిది నుంచి ఐదుకి దిగింది. తర్వాత ఒక్కొక్కటి మళ్లీ మొదలుపెట్టాను, ఒకటి మొదలుపెట్టాక మూడు రోజులు ఇంకోటి ముట్టుకోకుండా. కాఫీ తాగిన మూడు గంటలకి నొప్పి లేచింది. పచ్చి టమాటా చట్నీ పడలేదు. అత్తగారి కొబ్బరిబొండం కూడా నాకు పడలేదు. అందులో పొటాషియం ఎక్కువ, మనలో కొందరికి అది మంట పెడుతుంది. ఆ సంగతి ఆవిడకి చెప్పిన రోజు ఆవిడ కళ్లు తడి అయ్యాయి. "ఏటమ్మా, ఇన్నాళ్లూ నేనే ఇచ్చానా" అన్నారు. మీ ఇంట్లో ఇలా ఎవరైనా ప్రేమగా ఇచ్చేది మీకు పడకపోతే, వాళ్లని బాధపెట్టకుండా డైరీ చూపించండి. చింతచారు కొంచెం పల్చగా పోసుకుంటే నాకు ఫరవాలేదని కూడా ఆ డైరీలోనే తేలింది. అన్నీ మానేసి ఎండిపోవడం వైద్యం కాదు.

ఒకటి జాగ్రత్త. ఈ మధ్య మంటకి క్రాన్‌బెర్రీ అనే పుల్లటి పండు సాచెట్లు కొంటున్నారు. మాటిమాటికీ వచ్చే ఇన్ఫెక్షన్లు రాకుండా ఆపుకోవడానికి వాడేది అది. మన జబ్బులో ఆ పులుపు చాలామందికి నొప్పి పెంచుతుంది. అలాగే, వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానేయకండి. మన ఊరి ఉక్కపోతకి చెమటలోనే ఎంతో పోతుంది, తాగకపోతే మూత్రం చిక్కబడి ఇంకా మండుతుంది. ఒకేసారి చెంబుడు కాకుండా గుక్కెడు గుక్కెడు తాగండి.

ఇక కండరాల సంగతి. యూట్యూబ్ చూసి నేను రెండు నెలలు కీగల్ వ్యాయామం చేశాను. 1948లో డాక్టర్ ఆర్నాల్డ్ కీగల్ చెప్పిన బిగింపు వ్యాయామం అది, దగ్గినా తుమ్మినా చుక్కలు పడేవాళ్లకి మంచిది. నాకు నొప్పి రెట్టింపయింది. ఎందుకంటే నా కండరం అప్పటికే పిడికిలిలా బిగుసుకుపోయి ఉంది, దాన్ని నేను ఇంకా బిగించాను. కటి కండరాల గురించి, అంటే మూత్రాశయం కింద ఉండే ఈ కండరాల గురించి, తెలిసిన ఫిజియోథెరపిస్టు దొరకడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆవిడ తొడ లోపలివైపు ఒక చోట వేలితో మెల్లగా నొక్కారు. "ఇక్కడ నొక్కితే ఎక్కడ తెలుస్తోంది?" అని అడిగారు. నాకు సరిగ్గా మూత్రాశయంలో మంట పుట్టింది. ఇన్నేళ్లు సంచిలో వెతుకుతున్న నొప్పిలో సగం అక్కడుంది. నేను ఆ బల్ల మీదే ఏడ్చేశాను. ఈ పద్ధతి ఊరికే ఒళ్లు పట్టడం లాంటిది కాదని 2012లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. 81 మంది ఆడవాళ్లని రెండు గుంపులు చేస్తే, ఈ కండరాల చికిత్స పొందినవాళ్లలో 59 శాతం మందికి మెరుగు కనబడింది, మామూలు మసాజ్ పొందినవాళ్లలో 26 శాతం మందికి.

ఇంట్లో నేను చేసేది చెప్తాను. చాప మీద వెల్లకిలా పడుకుని కాళ్లు కుర్చీ మీద పెట్టుకుంటాను. చేయి పొత్తికడుపు మీద. గాలి నెమ్మదిగా లోపలికి తీసుకుంటే పొట్ట పైకి లేస్తుంది, అదే సమయంలో కింద కండరం సడలి కిందికి దిగుతుంది. దాన్ని బలవంతంగా తోయకూడదు, దిగనివ్వాలి అంతే. పది నిమిషాలు, రోజుకి రెండుసార్లు. ఇంకో సంగతి, మీకు నవ్వులాటగా అనిపించొచ్చు గానీ నేను నిజంగా చెప్తున్నాను: లంగా బొందు వదులు చేయండి. పొద్దున్న ఏడింటికి బిగించి కట్టిన బొందు సాయంత్రం ఐదు దాకా పొత్తికడుపు మీద కోస్తూనే ఉంటుంది. నేను ఎలాస్టిక్ లంగాకి మారిన వారంలోనే తేడా రాసుకున్నాను. మలబద్ధకం ఉన్నా ఈ కండరాలు బిగుస్తాయి, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

నొప్పి కాస్త చేతికొచ్చాక, బాత్రూంకి వెళ్లే మధ్య విరామం పెంచాను. నలభై నిమిషాలకి వెళ్తున్నదాన్ని యాభైకి, రెండు వారాలకి గంటకి. నొప్పి మండుతున్నప్పుడు ఈ పని మొదలుపెట్టకండి, అది శిక్ష అవుతుంది.

మందుల గురించి కొంచెమే. నాకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ పది మిల్లీగ్రాములు రాశారు. మందుల షాపులో ఆ పేరు చూసి మా వారికి ఎవరో చెప్పారు, అది పిచ్చి మాత్ర అని. వారం రోజులు బీరువాలో పెట్టేశాను. అది డిప్రెషన్‌కి పెద్ద మోతాదులో వాడే మందే, కానీ చిన్న మోతాదులో నరాల నొప్పిని తగ్గిస్తుంది. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నోరు ఎండుతుంది, పొద్దున్న మత్తుగా ఉంటుంది, మలబద్ధకం వస్తుంది. గుండె జబ్బు, గ్లకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. పెంటోసాన్ అనే మందు ఉంది, ఈ జబ్బుకి అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. ఏళ్ల తరబడి వాడిన కొందరిలో కంటి రెటీనా దెబ్బతినడం బయటపడి 2020లో దాని మీద హెచ్చరిక చేర్చారు. మీరు అది వాడుతుంటే కంటి డాక్టర్‌కి రెటీనా చూపించండి, వాడినన్నాళ్లూ మధ్యమధ్యలో చూపిస్తూ ఉండండి. హన్నర్ పుండ్లు ఉన్నవాళ్లకి సిస్టోస్కోపీలో, అంటే సన్నటి గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్షలో, వాటిని కాల్చేస్తే చాలా ఊరట దొరుకుతుంది, అందుకే ఆ పరీక్షకి భయపడి వాయిదా వేయకండి. మూత్రాశయంలోకి నేరుగా మందు ఎక్కించే పద్ధతులు, బొటాక్స్, నరానికి చిన్న మిషన్ అమర్చడం, ఇవన్నీ తర్వాతి మెట్లు. కారణం లేకుండా నెలల తరబడి యాంటీబయాటిక్ మాత్రం ఈ జబ్బుకి వైద్యం కాదు.

పెళ్లైన ఆడపిల్లలు ఇక్కడ ఉన్నారు. మీరు అడగరు కాబట్టి నేనే చెప్తున్నాను. భార్యాభర్తలు దగ్గరైన మర్నాడు నొప్పి రేగడం ఈ జబ్బులో మామూలు. చెప్పకుండా పళ్ల బిగువున ఓర్చుకుంటే కండరం ఆ భయాన్ని గుర్తుపెట్టుకుంటుంది, మరుసటిసారి ముందే బిగుసుకుంటుంది. మా వారికి నేను నాలుగేళ్లు చెప్పలేదు. ఆయన నాకు ఇష్టం లేదనుకున్నారు. చెప్పిన రోజు రాత్రి ఆయన చాలాసేపు మాట్లాడలేదు, ఆ తర్వాత లేచి వెళ్లి హాట్ వాటర్ బ్యాగ్‌లో నీళ్లు పోసుకొచ్చారు. ఇప్పటికీ నొప్పి రేగిన రాత్రి ఆ పని ఆయనదే. మగవాళ్లకి కూడా ఇదే రకం నొప్పి వస్తుంది. ప్రోస్టేట్ ఇన్ఫెక్షన్ అని వాళ్లకీ యాంటీబయాటిక్‌లు రాస్తూ పోతారు. వెనక వరసలో కూర్చున్న అన్నయ్యలు నోట్‌బుక్ కొనుక్కోవడానికి మొహమాటపడొద్దు.

చివరగా ప్రయాణాల సంగతి, మీలో కొందరు అడిగారు. గాజువాక నుంచి ఇక్కడికి వచ్చే దారిలో ఎక్కడెక్కడ దిగి వెళ్లొచ్చో నాకు కంఠతా వచ్చు. షేర్ ఆటోలో వెనక చక్రం మీద కూర్చోకండి, ఆ కుదుపు నేరుగా పొత్తికడుపుకి తగులుతుంది. స్కూల్లో హెడ్‌మాస్టర్‌కి డాక్టర్ రాసిచ్చిన ఉత్తరం ఇచ్చి, క్లాసు మధ్యలో వెళ్లడానికి ఒప్పించుకున్నాను. అడిగే ముందు నెల రోజులు భయపడ్డాను.

సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. మా ఇంట్లో అందరూ వెళ్తారు. ఆరేళ్లు నేను ఇంట్లోనే ఉండిపోయాను. నిరుడు బయలుదేరాను. హనుమంతవాక దాటి అప్పూఘర్ దాకా నడిచి, అక్కడ సముద్రం చూసి, ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను. మిగతాది మా అమ్మాయి నడిచింది. ఆ రోజు డైరీలో నొప్పి పదికి నాలుగు అని రాసి ఉంది, వెళ్లింది పదకొండుసార్లు.

ఖాళీ డైరీ పేజీలు ఆ బల్ల మీద పెట్టాను. మూడు రోజులకి సరిపోతాయి. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకెళ్లండి, ఇంట్లో ఇంకెవరికైనా కావాలంటే రెండు తీసుకోండి. మగ్గు ఎలా చదవాలో తెలియనివాళ్లు నా దగ్గరికి రండి, నేను ఇక్కడే ఉంటాను.